కష్టం ముందా, తేలిక ముందా

గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు మీద, రెండో అంతస్తులో మా జూనియర్ కాలేజీ ఉండేది. నేను అక్కడ తెలుగు చెప్పేవాణ్ణి. పేరు వెంకటసుబ్బారావు. ఈ కథలో నా పాత్ర చిన్నది. అది కూడా గొప్పగా చెప్పుకునేది కాదు. అయినా మొదట్నుంచీ చివరిదాకా దగ్గరుండి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి చెబుతున్నాను.

మా బోటనీ లెక్చరరు హనుమయ్య గారు. ఉయ్యూరు దగ్గర వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, ఒక భూతద్దం. పిల్లలెవరైనా ఏమీ తినకుండా వచ్చారని తెలిస్తే తన క్యారేజీ ఇచ్చేసి, తాను కింద బండి మీద పునుగులు తినేవారు. అంత మెత్తటి మనిషి ప్రశ్నపత్రం రాయడానికి కూర్చుంటే మాత్రం పూర్తిగా మారిపోయేవారు. పాఠ్యపుస్తకమంతా గాలించి, అన్నిటికంటే కష్టమైన ప్రశ్నను పట్టుకొచ్చి ఒకటో నంబరుగా పెట్టేవారు. రెండోది దానికంటే ఒక పిసరు తేలిక. అలా మెట్లు దిగినట్టు దిగుతూ పదో ప్రశ్నకి వచ్చేసరికి ‘వేరు చేయు రెండు పనులు తెలుపుము’ అని ఉండేది.

ఎందుకండీ ఇలా అని అడిగితే ఒకటే మాట.

"కోడెదూడని ముందు బురదలో కట్టాలండీ. గట్టు మీద నడవడం దానంతటదే వస్తుంది."

తొంభై ఏడు అక్టోబరులో క్వార్టర్లీ పరీక్షలు జరిగాయి. రెండో సంవత్సరం బోటనీలో హనుమయ్య గారి ఒకటో ప్రశ్న క్రెబ్స్ వలయం. కణంలో శ్వాసక్రియ ఎలా జరుగుతుందో చెప్పే చక్రం అది. చుట్టూ నోరు తిరగని ఆమ్లాల పేర్లు, ఒకదాని నుంచి ఒకటి పుడుతూ మళ్ళీ మొదటికే వస్తాయి. అరవై రెండు మంది పిల్లల్లో ఇరవై రెండు మంది పెద్ద సున్నా గీసి అక్కడే ఆగిపోయారు. ఒక అమ్మాయి గాజు పెట్టి చక్కగా గుండ్రంగా గీసింది. రెండు ఆమ్లాల పేర్లు రాసింది. మూడోది గుర్తు రాక, మిగిలిన రెండు గంటలూ ఆ సున్నాని పెన్సిలుతో నల్లబరుస్తూ కూర్చుంది. ఇంకో కుర్రాడు మెట్ల మీద నాతో అన్నాడు, "వలయంలోకి వెళ్ళానండీ. బయటికెలా రావాలో తెలీలేదు."

ఆ పేపర్లు దిద్దడంలో హనుమయ్య గారికి సాయంగా కూర్చున్నది అఫ్సానా. ఆ జూన్‌లోనే మా కాలేజీలో చేరింది. ఎమ్మెస్సీ చదివి నేరుగా వచ్చిన పిల్ల. వాళ్ళ నాన్న బడే మియాకి వన్ టౌన్‌లో ఇనప్పెట్టెల కొట్టు ఉంది. నెమ్మదిగా మాట్లాడుతుంది కానీ, అనుకున్న మాట అనకుండా ఊరుకోదు.

"మాస్టారూ, ఈ పిల్లలకి పదో ప్రశ్న వచ్చండీ. ఎనిమిది, తొమ్మిది కూడా వచ్చు. అక్కడిదాకా రాలేదంతే."

"రాకపోతే తప్పెవరిదమ్మా?"

"ముందు తెలిసిన ప్రశ్న ఇస్తే చెయ్యి వేడెక్కుతుందండీ. కాస్త ధైర్యం వస్తుంది."

"వేడెక్కడానికి ఇదేమన్నా ఆటోనగర్ లారీ ఇంజనా?"

"లారీ అయినా మొదటి గేరులోనే కదండీ కదిలేది. మీరు నాలుగో గేరులో తీయమంటున్నారు."

స్టాఫ్ రూములో అందరం తలలు దించుకుని పుస్తకాలు చూసుకున్నాం. ఇరవై ఆరేళ్ళలో హనుమయ్య గారికి ఎవరూ అలా ఎదురు చెప్పలేదు. ఆయన భూతద్దం తీసి తుడుచుకున్నారు. కోపం వస్తే ఆయన చేసే పని అదే.

ఆ రోజు నుంచి స్టాఫ్ రూము రెండయింది. లెక్కల మాస్టారు, ఇంగ్లీషాయన హనుమయ్య గారి వైపు. కెమిస్ట్రీ, సివిక్స్ అఫ్సానా వైపు. నన్నడిగితే నాకే వైపూ లేదు. తెలుగు పేపర్లో మొదటి ప్రశ్న పద్యానికి ప్రతిపదార్థం. అది ఎవరు అక్కడ పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలియదు. నేను చదివినప్పుడు అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉంచాను. ఇంకొకాయన కూడా ఏ వైపూ చేరలేదు. ఆయన మా ఆటల మాస్టారు అంతోని. ఆయనకు అసలు ప్రశ్నపత్రాలతో పనే లేదు.

డిసెంబరులో హాఫ్ ఇయర్లీ. బోటనీకి రెండు సెక్షన్లకీ కలిపి ఒకటే పేపరు. హనుమయ్య గారు, అఫ్సానా కలిసి తయారుచేయాలి. పది ప్రశ్నలు ఏవేవి ఇవ్వాలో ఇరవై నిమిషాల్లో తేల్చేశారు. ఒక్క మాట తేడా రాలేదు. ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గర తొమ్మిది రోజులు పట్టింది. ఆయన క్రెబ్స్ వలయం ఒకటో నంబరంటే, ఆమె పదో నంబరనేది. మంగళవారానికి ఆయన రెండుకి దిగారు, ఆమె తొమ్మిదికి ఎక్కింది. గురువారానికి నాలుగు, ఏడు. ఇంక శుక్రవారం ఐదు దగ్గరో ఆరు దగ్గరో కలుస్తారని మేమంతా అనుకుంటూ ఉండగా, ఎవరో ‘మొత్తానికి మేడమ్ మాస్టార్ని దింపేసింది’ అన్నారు. అది ఆయన చెవిన పడింది. శుక్రవారం పొద్దున్నే మళ్ళీ ఒకటికి వెళ్ళిపోయారు. ఆమె పదికి వెళ్ళిపోయింది.

ప్రశ్నపత్రాలు అచ్చేసే సైక్లోస్టయిల్ మిషను తిప్పే అటెండరు శౌరయ్య రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"అయ్యా, స్టెన్సిలు ఎండిపోతందండి."

"ఎండనీ" అనేవారు హనుమయ్య గారు.

చివరికి ఇద్దరూ చెరొక కాగితం ప్రిన్సిపాల్ సొలొమోను గారి బల్ల మీద పెట్టారు. రెండింట్లోనూ అవే పది ప్రశ్నలు. ఒకటి పైనుంచి కిందికి, రెండోది కిందినుంచి పైకి.

సొలొమోను గారు ఎవరినీ నొప్పించని మనిషి. అందువల్ల ఏదీ తేల్చలేని మనిషి. స్టాఫ్ రూములో గడియారం ఏ గోడకి కొట్టాలో నాలుగేళ్ళుగా తేలక, అది బీరువా మీద పడుకుని టైము చూపిస్తూ ఉండేది. రెండు కాగితాలూ మార్చి మార్చి చూసి, "చూద్దామండీ" అన్నారు. ఇంటికి పట్టుకెళ్ళి భార్య ముందు పెట్టారు.

ఆవిడ రూతమ్మ గారు. గుణదలలో ఆడపిల్లల హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ వస్తుంటే కొండ కింద ఆటో స్టాండులో వాళ్ళు కూడా బీడీలు వెనక్కి దాచుకునేవారని చెప్పుకునేవారు. కాగితాలు చూసి ఆవిడ అన్నదట, "దీనికి పిల్లల్నెందుకు ఇబ్బంది పెట్టడం? మీ లెక్చరర్లనే కూర్చోబెట్టండి. పదో తరగతి ప్రశ్నలు పది నేనిస్తాను. ఏ వరసలో బాగా రాస్తారో చూసుకుంటే సరిపోయె."

సొలొమోను గారికి ఈ ఆలోచన ఎంతో నచ్చింది. అందులో ఆయన తేల్చాల్సింది ఏమీ లేదు.

శనివారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక, మూడు గంటలకి పద్నాలుగు మంది లెక్చరర్లం పెద్ద గదిలో బెంచీకి ఒకరుగా కూర్చున్నాం. రూతమ్మ గారు నీలం అంచు తెల్ల చీరలో, చంకలో పేపర్ల కట్టతో వచ్చింది. అందరం మాకు తెలియకుండానే లేచి నిలబడ్డాం.

"కూర్చోండి. గంట టైము. యాభై మార్కులు. ప్రశ్నలు అందరికీ ఒకటే. కష్టం ముందుండాలన్న వాళ్ళకి కష్టం ముందు. తేలిక ముందుండాలన్న వాళ్ళకి తేలిక ముందు. ఎవరు ఏది మంచిదన్నారో వాళ్ళకదే."

ఏ పక్కా చేరని నాకూ అంతోనికీ ఏవి మిగిలితే అవి ఇచ్చింది. ఇద్దరికీ కష్టం ముందున్నవే వచ్చాయి.

ఒకటో ప్రశ్న తొట్టి లెక్క. ఒక కుళాయి తొట్టిని ఆరు గంటల్లో నింపుతుంది. ఇంకోటి ఎనిమిది గంటల్లో నింపుతుంది. కింది తూము పన్నెండు గంటల్లో ఖాళీ చేస్తుంది. మూడూ ఒకేసారి తెరిస్తే తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది?

నేను పదో తరగతి రాసి ముప్ఫై ఏళ్ళు. తొట్టిలోకి తొంగి చూశాను. ఏమీ కనిపించలేదు. పక్క బెంచీలో లెక్కల మాస్టారు ఆ ప్రశ్న ఊదిపారేసి, తర్వాతి ప్రశ్న దగ్గర పెన్ను కొరుకుతున్నారు. అది ఉత్పలమాలకి గణాలు రాయమన్న ప్రశ్న. మా చూపులు కలిశాయి. ఇరవై రెండేళ్ళుగా హాల్లో స్లిప్పులు పట్టుకున్నవాణ్ణి నేను. ఆయన అంతకంటే ఎక్కువ పట్టుకున్నారు. అయినా ఆ క్షణంలో మా ఇద్దరికీ ఒక్కటే ఆలోచన వచ్చింది.

"భ, ర, న, భ, భ, ర, వ" అన్నాను పెదాలు కదపకుండా.

ఆయన రాసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాలుగ్గంటల నలభై ఎనిమిది నిమిషాలు" అన్నారు.

"ఏమిటది?" రూతమ్మ గారు అక్కడే ఉంది.

"ఏం లేదండీ. టైమెంతయిందని అడిగారు" అన్నారు లెక్కల మాస్టారు.

"ఇప్పుడు మూడున్నర."

ఆవిడ మా పేపర్లు తీసుకుని, పైన ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి, వరండాలో రెండు స్టూళ్ళు వేయించింది. గోడ వైపు తిరిగి కూర్చోమంది. కూర్చున్నాం. కిటికీ పక్కనే కాబట్టి లోపల జరిగేదంతా నాకు కనిపిస్తూనే ఉంది.

హనుమయ్య గారు తొట్టి దగ్గరే ఉన్నారు. మొదటిసారి లెక్క చేస్తే ఆయన తొట్టి పద్నాలుగు గంటల్లో నిండింది. రెండోసారి అసలు నిండలేదు. మూడోసారి తొట్టిలో ముందునుంచే నీళ్ళున్నట్టు వచ్చింది. చొక్కా వెనక చెమటకి తడిసిపోయింది. తొట్టి బొమ్మ గీశారు. కుళాయిలు గీశారు. తూము గీశారు. తర్వాత లెక్క వదిలేసి వ్యాసం మొదలుపెట్టారు. పేజీ తిప్పలేదు. కింది ప్రశ్న వైపు కన్నెత్తి చూడలేదు.

మూడు బెంచీల అవతల అఫ్సానా కలం మాత్రం ఆగడం లేదు. ఆమెకు ఒకటో ప్రశ్న ‘ఆకు పచ్చగా ఎందుకుంటుంది?’ అని. ఐదు మార్కులకి నాలుగు లైన్లు రాస్తే చాలు. ఆమె మొదటి పేజీ నింపింది. రెండో పేజీలో హరితరేణువు పటం గీసింది. అడిషనల్ షీటు అడిగింది. కాసేపాగి ఇంకోటి అడిగింది. దారం కూడా అడిగింది. ముఖం వెలిగిపోతూ ఉంది. చూసినవాళ్ళు యాభైకి యాభై ఖాయమనుకుంటారు.

సొలొమోను గారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆమె బెంచీ దగ్గర ఆగి, మెల్లగా, "తర్వాత ప్రశ్న కూడా చూడమ్మా" అన్నారు.

"ప్రిన్సిపాల్ గారూ" అంది రూతమ్మ గారు, "మీరు బయట ఉండండి."

ఆయన గ్లాసుతో సహా వచ్చి మా పక్కన నిలబడ్డారు.

మూడూ నలభై ఐదుకి అంతోని లేచాడు. పేపరిచ్చేసి, విజిలు మెడలో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం వాలీబాల్ ప్రాక్టీసుందట. ఏమీ రాక వెళ్ళిపోతున్నాడని జాలిపడ్డాం.

సోమవారం రూతమ్మ గారు స్కూలుకి సెలవు పెట్టి మరీ వచ్చింది. స్టాఫ్ రూములో అందర్నీ కూర్చోబెట్టి పేరు పేరునా పిలిచి పేపర్లిచ్చింది.

అంతోనికి ముప్ఫై తొమ్మిది. అందరికంటే ఎక్కువ. మిగతావాళ్ళు ఇరవైకీ ముప్ఫైకీ మధ్య. కష్టం ముందు వాళ్ళూ తేలిక ముందు వాళ్ళూ అటూ ఇటూగా సమానమే. అఫ్సానాకి పన్నెండు. మొదటి ప్రశ్నకి ఐదుకి ఐదు, ఆఖరి ఐదు నిమిషాల్లో గబగబా రాసిన వాటికి ఏడు. పేపరు మీద ‘అడిగినంతే రాయవలెను’ అని ఉంది. లెక్కల మాస్టారికీ నాకూ సున్నాలు.

హనుమయ్య గారికి రెండు. తొట్టి బొమ్మ శుభ్రంగా ఉన్నందుకు ఒకటి, చేతిరాతకి ఒకటి. ఆయన జవాబు నేను తర్వాత చదివాను. ఇలా ఉంది: ‘ఈ తొట్టి యజమాని ఎవరో ప్రశ్నలో తెలుపలేదు. నీరు పెట్టునప్పుడు కింది తూము తెరిచి ఉంచుట బాధ్యత గల రైతు చేయు పని కాదు. ముందుగా తూము మూయించి, పిమ్మట లెక్క చూడవలెను.’ దాని పక్కన ఎర్ర సిరాతో రూతమ్మ గారు రాసింది: ‘విద్యార్థి ప్రశ్నతో వాదించరాదు.’

ఇరవై ఆరేళ్ళుగా బోటనీ చెబుతున్న ఆయనకి, ఆకు పచ్చగా ఎందుకుంటుందన్న ప్రశ్నకి సున్నా వచ్చింది. అక్కడిదాకా రాలేదు మరి.

"పదిహేడున్నర కంటే తక్కువ వచ్చినవాళ్ళు ఇంట్లో సంతకం పెట్టించుకు రావాలి" అంది రూతమ్మ గారు అలవాటుగా. అన్న తర్వాత ఎవరితో అన్నదో ఆవిడకి గుర్తొచ్చినట్టుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. మేం కూడా అలవాటుగానే తలూపాం.

ఆ సాయంత్రం సంగతి హనుమయ్య గారే నాకు చెప్పారు. ఇంటికెళ్ళేసరికి వాళ్ళావిడ రాజ్యలక్ష్మి గారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఈయన పేపరు ఆవిడ పక్కన పెట్టి, "ఇక్కడ సంతకం చెయ్యి" అన్నారు. ఆవిడ చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటినుంచీ చివరిదాకా చదివింది. నవ్వు ఆపుకుంది కానీ భుజాలు ఆగలేదు.

"పైది రాకపోతే కిందివి చూడొచ్చుగా" అంది.

"ఒకటోది అవకుండా రెండోదానికెలా వెళ్తాను?"

"ఆకు పచ్చగా ఎందుకుంటుందో మీకు తెలీదా?"

"తెలీకపోవడమేంటి."

"మరి అది రాసుకుంటే అయిపోయేదిగా. ఎవరాపారు మిమ్మల్ని?"

ఆయన ఆలోచించారు. ఆపినవాళ్ళెవరూ లేరు. అయినా ఆ గంటసేపూ ఎవరో కాళ్ళు పట్టుకుని ఆ తొట్టి దగ్గరే కూర్చోబెట్టినట్టే ఉంది. దాన్ని వదిలేస్తే ఓడిపోయినట్టే అనిపించింది. గడియారం చూసేకొద్దీ బుర్ర ఇంకా మొద్దుబారింది. క్వార్టర్లీలో పెన్సిలుతో సున్నా నల్లబరిచిన పిల్ల ఆయనకు గుర్తొచ్చింది. ఆ పిల్లకి తాను వేసింది అర మార్కు. ‘శ్రద్ధ లేదు’ అని కూడా రాశారు.

రాజ్యలక్ష్మి గారు పేపరు కింద తల్లి, తండ్రి అన్న రెండు మాటలూ కొట్టేసి, సంరక్షకులు అన్న చోట పూర్తి పేరు రాసి సంతకం చేసిచ్చింది.

వన్ టౌన్‌లో బడే మియా కూడా కొట్లోనే కూర్చుని, కూతురి పేపరు తిరగేసి సంతకం చేశాడట. అఫ్సానా చెప్పింది.

"ఎంత బాగా రాశావు బేటీ. మరి పన్నెండే ఇచ్చారేం?"

"నాలుగు లైన్లడిగారు అబ్బాజాన్. ఏడు పేజీలు రాశాను."

"గిరాకీ తాళం చెవి అడిగితే మనం పెట్టె ఎలా చేశామో చెబుతామా? తాళం చెవి చేతిలో పెడతాం. తర్వాతి మనిషిని చూస్తాం."

మర్నాడు పొద్దున స్టాఫ్ రూములో హనుమయ్య గారు అఫ్సానా బల్ల దగ్గరికెళ్ళి నిలబడ్డారు. ఎప్పుడూ ఆమే ఆయన దగ్గరికి వెళ్ళేది. ఆమె లేవబోయింది.

"కూర్చోమ్మా. ఒకటడుగుతాను. నువ్వు చూస్తూ చూస్తూ ఏడు పేజీలెందుకు రాశావు?"

"తెలిసింది కదండీ మాస్టారూ. చెయ్యి వేడెక్కింది. ఇంక ఆగలేదు."

"నేను కదల్లేదు. నువ్వు ఆగలేదు." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ అంతోని ఎలా రాశాడో కనుక్కుందాం పద."

అంతోని కింద నెట్ కట్టుకుంటున్నాడు. ఇద్దరు బోటనీ లెక్చరర్లు కలిసి రావడం చూసి కంగారు పడ్డాడు.

"నేనేం కాపీ కొట్టలేదండీ."

"అది కాదయ్యా. ఏది ముందు రాశావు?"

"చివరిదండీ. నేను న్యూస్ పేపరు కూడా వెనకనుంచే చదువుతానండీ, ఆటల పేజీ అక్కడే కదా. అలవాటు మీద పేపరు తిప్పేశాను. అటునుంచి వచ్చినవి రాసుకుంటా పోయాను. ఆ తొట్టిది చూశాను కానీ, మనవల్ల కాదని వదిలేశాను."

"వదిలేశావా? ఏమీ అనిపించలేదా?"

"ఏమనిపిస్తుందండీ. అందని బంతి వెనక పరిగెత్తితే తర్వాత బంతి కూడా పోద్ది."

అక్కడితో సంగతి సుఖంగా తేలిపోయేదే. కానీ ఈలోపు సొలొమోను గారు, పదకొండేళ్ళ ఉద్యోగంలో మొట్టమొదటిసారిగా, తనంతట తాను ఒక నిర్ణయం తీసుకున్నారు. అంతోనికి ఎక్కువ మార్కులు వచ్చాయి, అంతోని వెనకనుంచి రాశాడు, కాబట్టి ఇకమీదట కాలేజీలో అన్ని ప్రశ్నపత్రాలూ పదో నంబరు పైన, ఒకటో నంబరు కింద వచ్చేలా కొట్టించాలి. పరీక్షల ఇన్‌ఛార్జిగా అంతోనిని వేయాలి. సర్క్యులర్ కూడా టైపు చేయించారు.

అది చదివి హనుమయ్య గారు, అఫ్సానా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి లేచి, ఒకే తలుపులోంచి ఇరుక్కుంటూ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళారు. అరగంట తర్వాత సర్క్యులర్ సగం రద్దయింది. నంబర్లు మామూలుగానే ఉంటాయి. అంతోని మాత్రం ఇన్‌ఛార్జిగా మిగిలిపోయాడు. పాపం అతనికి ఎవరూ చెప్పలేదు. నోటీసు బోర్డులో చూసుకుని, "నేనేం తప్పు చేశానండీ" అని నన్నడిగాడు.

మర్నాడు ఇద్దరూ పేపరు రాయడానికి కూర్చున్నారు. ఈసారి వరస గురించి గొడవే రాలేదు. రెండు తేలికవి, ఒక కష్టమైనది, మళ్ళీ రెండు తేలికవి, అలా సర్దుకుంటూ పోతే క్రెబ్స్ వలయం పదో నంబరయింది. గొడవ ప్రశ్నలకి పైన రాసే సూచనల దగ్గర మొదలైంది.

"ఏ ప్రశ్నకైనా ముందు జవాబు రాయవచ్చును" అని ఆయన రాశారు.

"రాని ప్రశ్నను వదిలి ముందుకు సాగవలెను" అని ఆమె చేర్చింది.

"వదిలినందుకు సిగ్గుపడరాదు" అన్నారు ఆయన. అది కూడా చేరింది.

"రెండు మార్కుల ప్రశ్నకు అర పేజీ మించరాదు" అంది ఆమె.

"ప్రశ్నతో వాదించరాదు."

"దారము చివరలో మాత్రమే అడుగవలెను."

సాయంత్రానికి సూచనలు పద్దెనిమిది అయ్యాయి. మేనేజ్‌మెంటు పేపరుకి ఒకే కాగితం ఇస్తుంది. శౌరయ్య స్టెన్సిలు వెలుతురుకి ఎత్తి చూపించాడు.

"అయ్యా, తొమ్మిది ప్రశ్నలు పట్టినయ్యండి. పదోది పట్టదండి. సూచనలు రెండు తీసెయ్యమంటారా?"

ఒక్కటి తీయడానికి కూడా ఇద్దరూ ఒప్పుకోలేదు. చివరికి పదో ప్రశ్న పరీక్ష రోజున బోర్డు మీద రాయాలని తేల్చారు. అలా క్రెబ్స్ వలయం బోర్డెక్కింది.

డిసెంబరు రెండో వారం, సోమవారం ఉదయం. అరవై రెండు మంది పిల్లలు పేపర్లు అందుకున్నారు. పది నిమిషాలు ఎవరూ పెన్ను ఎత్తలేదు. సూచనలు చదువుతున్నారు. హనుమయ్య గారు, అఫ్సానా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నాలుగో బెంచీలోంచి బాలశౌరి అనే కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఏ పని చెప్పినా ‘ఏ పక్కనుంచండీ’ అని అడిగే రకం.

"సార్, బోర్డు మీద ఉన్న ప్రశ్న ముందుదాండీ, చివరిదాండీ?"

"ముందుది" అన్నారు హనుమయ్య గారు.

"చివరిది" అంది అఫ్సానా.

రెండూ ఒకేసారి వినిపించాయి.

"మాస్టారూ, పది అని నంబరు వేశామండీ."

"నంబరు పదే అమ్మా. కానీ బోర్డు వాళ్ళకి ఎదురుగా ఉంది. తలెత్తగానే ముందు కనపడేది అదే కదా."

"అలాగైతే బోర్డు వెనక్కి తిప్పుదామండీ."

"తిప్పితే ఎలా చదువుతారు?"

"చదవడానికి కాసేపు తిప్పి..."

పిల్లలు ఇటూ అటూ తలలు తిప్పుతున్నారు. హాలు చివర కూర్చుని ఉన్న పరీక్షల ఇన్‌ఛార్జి అంతోని లేచాడు. కాసేపు తటపటాయించాడు. అలవాటైన పని ఒకటే కాబట్టి, విజిలు తీసి మెల్లగా ఒకసారి ఊదాడు.

"సార్, మేడమ్, ఇద్దరూ దయచేసి బయటికి వెళ్ళండి. పిల్లలు రాసుకోవాలి."

ఇద్దరూ బయటికి వచ్చారు. వరండాలో గోడ పక్కన మేం మొన్న కూర్చున్న స్టూళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. చెరొక దాని మీద కూర్చుని, మూడు గంటలూ వీధిలో పోయే సిటీ బస్సులు చూశారు.

తర్వాతి వారం స్టాఫ్ రూములో పేపర్లు దిద్దారు. నేను పక్క బల్ల మీద ప్రతిపదార్థాలు దిద్దుకుంటున్నాను. హనుమయ్య గారు దిద్దుతూ దిద్దుతూ ఆగి, ఒక తెల్లకాగితం తీసి ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి అఫ్సానా అడిగింది.

"ఏంటి మాస్టారూ?"

"ఎవరు ఏది ముందు రాశారో వేస్తున్నాను. ఇదుగో, ఈ పిల్ల ఏడోదానితో మొదలెట్టింది. వీడు నాలుగు. వీడు రెండు, తొమ్మిది, ఒకటి, అలా తొక్కుడుబిళ్ళ ఆడినట్టు గెంతాడు. మనం పెట్టిన వరసలో రాసినవాడు ఒక్కడు లేడమ్మా."

"ఒక్కరూ లేరా?"

"బాలశౌరి ఉన్నాడు. వాడు సూచనలు కూడా జవాబు కాగితంలో ఎక్కించాడు, పద్దెనిమిదీ."

శౌరయ్యని పిలిచి క్వార్టర్లీ పేపర్ల కట్ట తెప్పించారు. దుమ్ము దులిపి చూస్తే అరవై మంది ఒకటో ప్రశ్నతోనే మొదలుపెట్టారు. అందులో ఇరవై రెండు మంది అక్కడే ఉండిపోయారు. హనుమయ్య గారు ఆ కట్టలోంచి గాజు సున్నా ఉన్న కాగితం బయటికి లాగి, కొత్త కట్టలో అదే అమ్మాయి కాగితం వెతికి పక్కన పెట్టుకున్నారు. తొమ్మిది ప్రశ్నలు రాసింది. చివర కొంచెం చోటు మిగిలితే చిన్న సున్నా గీసి, నాలుగు ఆమ్లాల పేర్లు పెట్టి, కింద ‘ఇంతవరకే వచ్చును’ అని రాసింది. ఆయన దానికి రెండున్నర వేశారు. చాలాసేపు చూసి మూడు చేశారు. తర్వాత పాత కాగితం మీద ‘శ్రద్ధ లేదు’ అన్న మాటను అడ్డంగా కొట్టేశారు. ఆ కాగితం ఇంక ఎవరూ చూడరని ఆయనకూ తెలుసు.

అరవై రెండు మందిలో యాభై ఒక్కరు పాసయ్యారు. క్వార్టర్లీలో ముప్ఫై మూడు.

సొలొమోను గారు పెన్నూ ఫైలూ పట్టుకుని వచ్చారు.

"మేనేజ్‌మెంటు వాళ్ళకి రిపోర్టు రాయాలండీ. మొత్తానికి ఏ పద్ధతి గెలిచిందని రాయమంటారు? కష్టం ముందా, తేలిక ముందా?"

"రెండూ ఓడిపోయాయి సార్" అంది అఫ్సానా.

సొలొమోను గారు రాసుకుంటూ హనుమయ్య గారి వైపు చూశారు. ఆయన భూతద్దం తుడుచుకుంటున్నారు.

"అమ్మాయి చెప్పింది నిజమేనండీ. రెండూ ఓడిపోయాయి" అన్నారు. "కాకపోతే నాది కాస్త తక్కువగా ఓడిపోయింది. అది కూడా రాయండి."